నేర్పడమూ నేర్చుకోవలసిన పనే

భానూర్, పటాన్‌చెరు కర్మాగారాల్లో కొత్తవాళ్లకు పని నేర్పే సీనియర్లకు, నేర్పే పద్ధతిని ఎవరూ నేర్పలేదు. ఆ విద్య ఇప్పుడు ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతోంది. దాన్ని ఎక్కడ వెతకాలి? దొరికినదాంట్లో దేన్ని నమ్మాలి?

భానూర్‌లోని భారత్ డైనమిక్స్ యూనిట్‌లో ట్యాంకు విధ్వంసక క్షిపణులు తయారవుతాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960ల నుంచి నడుస్తోంది. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఉంది. పాశమైలారం, బొల్లారంలలో మందుల కంపెనీలు, పటాన్‌చెరు చుట్టూ లెక్కలేనన్ని చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. ఈ షెడ్లలో ఏ షిఫ్టులో చూసినా పని తెలిసిన మనిషి పక్కన పని తెలియని మనిషి ఒకరు నిలబడి చూస్తూ ఉంటారు. ఐటీఐ పూర్తిచేసి అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడు కావచ్చు, పొరుగు రాష్ట్రం నుంచి కాంట్రాక్టర్ తీసుకొచ్చిన హెల్పర్ కావచ్చు, డిగ్రీ చదివి క్వాలిటీ విభాగంలో చేరిన అమ్మాయి కావచ్చు. వాళ్లకు నేర్పే సీనియర్ ఆపరేటర్‌ను ఆ బాధ్యతకు ఎంపిక చేసింది పని బాగా వచ్చినందుకే. పని రావడం వేరు, పని నేర్పగలగడం వేరు. ఈ తేడాను మన పరిశ్రమలు, ఐటీఐలు ఇంకా గట్టిగా పట్టించుకోలేదు. ఇండక్షన్ రోజున స్లైడ్లు చూపించి, ట్రైనింగ్ రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటే శిక్షణ అయిపోయినట్టే లెక్క.

నేర్పడానికి ఒక పద్ధతి ఉంది. ఏది ముందు చెప్పాలి, ఏది చేసి చూపాలి, ఎప్పుడు చేయించాలి, వచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలి అని ఆలోచించి పాఠాన్ని కట్టే ఈ విద్యను ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అంటున్నారు. ఒకప్పుడు విదేశీ విశ్వవిద్యాలయాల్లో పీజీ చదివితే తప్ప అందని ఈ విద్యలో మూలగ్రంథాలు, కోర్సులు, నమూనాలు ఇవాళ చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. అయినా వెతికేవాళ్లలో ఎక్కువమంది దారి తప్పుతున్నారు. ఆ పేరుతో వెతికితే ముందు వరసలో వచ్చేవి సాఫ్ట్‌వేర్ పాఠాలు, వేల రూపాయల సర్టిఫికెట్ ప్రకటనలు, ‘ఆరు వారాల్లో ఐటీ ఉద్యోగం’ తరహా వీడియోలు. వాటి వెంట పడినవారికి బటన్లు నొక్కడం వస్తుంది, నేర్పడం రాదు. అందుకే ఈ కథనం చెప్పదలచుకున్నది ఒక్కటే. మంచి వనరు కావాలంటే వెతుకులాట కోర్సు పేరుతో మొదలు కాకూడదు. మన ఎదుట ఉన్న మనిషి ఏ పనిలో, ఎక్కడ తడబడుతున్నాడో అక్కడ మొదలు కావాలి.

చివరి నుంచి మొదలుపెట్టాలి

ఈ మాటలో ఎంత నిజముందో ఒక చిన్న పనిముట్టుతో తేల్చుకోవచ్చు. ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన కుర్రాడికి వెర్నియర్ కాలిపర్ చూడటం నేర్పాలి. అలవాటైన పద్ధతిలో లీస్ట్ కౌంట్ (పనిముట్టు కొలవగల అతి చిన్న కొలత) నిర్వచనం రాయిస్తారు, భాగాల పేర్లు చెప్పిస్తారు, బొమ్మ గీయిస్తారు. పరీక్షలో ఇవన్నీ సరిగ్గానే రాస్తాడు. షాపులో షాఫ్ట్ చేతికిచ్చి సైజు ఎంత అంటే మాత్రం తడబడతాడు. నేర్పే పద్ధతి తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ చివరి నుంచి మొదలుపెడతాడు. ‘0.02 మి.మీ. లీస్ట్ కౌంట్ ఉన్న వెర్నియర్‌తో పది షాఫ్ట్‌లు కొలిచి, కనీసం తొమ్మిదింటి సైజు 0.02 తేడాలోపు చెప్పాలి’ అని ముందే రాసుకుంటాడు. చేయవలసిన పని, ఏ పరిస్థితిలో చేయాలి, ఎంత బాగా చేయాలి అన్న మూడూ ఈ ఒక్క వాక్యంలో ఉన్నాయి. పాఠం లక్ష్యాన్ని ఇలా రాయాలని రాబర్ట్ మేగర్ 1962లో ఒక చిన్న పుస్తకంలో చెప్పారు. ‘వెర్నియర్ గురించి అవగాహన కల్పించుట’ అని రాసుకుంటే, అవగాహన కలిగిందో లేదో తేల్చే దారే ఉండదు.

లక్ష్యం కుదిరాక పాఠం దానంతట అదే రూపు తీసుకుంటుంది. వెర్నియర్ సున్నా మెయిన్ స్కేలు మీద 24 దాటింది, పదిహేడో గీత సరిగ్గా కలిసింది. 17ను 0.02తో గుణిస్తే 0.34, కాబట్టి కొలత 24.34 మి.మీ. ఇలా పూర్తిగా చేసి చూపిన లెక్కలు మొదట రెండు మూడు ఇవ్వాలి. తర్వాత చివరి మెట్టు ఖాళీగా ఉంచినవి, ఆ తర్వాతే పూర్తిగా కుర్రాడే చేయవలసినవి. కొత్తవాడి మనసు ఒక్కసారి పట్టుకోగలిగింది చాలా తక్కువని, పరిష్కారం వెతుక్కోవడంలోనే దాన్ని ఖర్చు చేయిస్తే నేర్చుకోవడానికి ఏమీ మిగలదని జాన్ స్వెల్లర్ చూపించారు. గ్రాహమ్ కూపర్‌తో కలిసి 1985లో ఆయన బీజగణితం నేర్చుకునేవారి మీద చేసిన ప్రయోగాల్లో, చేసి చూపిన లెక్కలను చదివినవారు, మొదటి నుంచీ సొంతంగా కుస్తీ పట్టినవారికంటే మెరుగ్గా నేర్చుకున్నారు. ఇంకో మెట్టు కూడా ఉంది. సున్నా గీతనే ఒకటిగా లెక్కపెట్టిన కుర్రాడికి పదిహేడో గీత పద్దెనిమిదోది అవుతుంది, కొలత 24.36 వస్తుంది. ఈ తప్పు ఎక్కడ పుడుతుందో తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ దానికోసమే ఒక లెక్క ఉంచుతాడు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ ఈ లెక్కను తనంతట తానుగా చేర్చదు. విద్యార్థి తప్పును దగ్గరగా చూసిన మనిషే చేర్చగలడు.

యుద్ధకాలపు కార్డు, పాశమైలారం డ్రమ్ము

పరిశ్రమలో పనిచేసేవారికి అన్నిటికంటే ముందు పనికొచ్చే వనరు పాతది, చిన్నది, పూర్తిగా ఉచితం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కర్మాగారాల నుంచి అనుభవజ్ఞులు సైన్యంలోకి వెళ్లిపోగా, ఫ్యాక్టరీ ముఖం చూడని లక్షల మందికి త్వరగా పని నేర్పవలసి వచ్చింది. అప్పటి ప్రభుత్వం 1940 నుంచి 1945 వరకు ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ అనే కార్యక్రమాన్ని నడిపి, పదహారు లక్షల మందికి పైగా శిక్షణ ఇచ్చింది. అందులోని ‘జాబ్ ఇన్‌స్ట్రక్షన్’ భాగం జేబులో పట్టే కార్డు మీద నాలుగే మెట్లు పెట్టింది: కార్మికుడిని సిద్ధం చేయి, పని చేసి చూపు, అతనితో చేయించి చూడు, తర్వాత కూడా కనిపెట్టుకుని ఉండు. కార్మికుడు నేర్చుకోలేదంటే నేర్పినవాడు నేర్పలేదనే అర్థమన్నది దాని సూత్రం. యుద్ధం తర్వాత ఈ పద్ధతి జపాన్ చేరింది, టొయోటా దాన్ని తన పద్ధతిలో భాగం చేసుకుంది. అసలు మాన్యువల్ అమెరికా ప్రభుత్వ ప్రచురణ కనుక కాపీరైట్ అడ్డు లేదు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది.

ఆ మాన్యువల్ నేర్పే ముఖ్యమైన అలవాటు పనిని కాగితం మీద విడదీయడం. సాల్వెంటును డ్రమ్ములోంచి మరో పాత్రలోకి మార్చే పనిని తీసుకుందాం. మెట్టు: వాల్వు తెరవకముందే డ్రమ్ముకు ఎర్తింగ్ క్లాంపు తగిలించాలి. కీలకం: రంగు, తుప్పు లేని చోట క్లాంపు పళ్లు లోహంలోకి దిగాలి. కారణం: ద్రవం పారేటప్పుడు స్థిర విద్యుత్తు పోగవుతుంది, అది భూమిలోకి పోయే దారి లేకపోతే నిప్పురవ్వ పుట్టి ఆవిరి అంటుకోవచ్చు. పని విధానాన్ని చెప్పే పత్రం ఎస్ఓపీలో ‘ఎర్తింగ్ ఉండేలా చూడవలెను’ అని ఒక్క ముక్క ఉంటుంది. కొత్త హెల్పర్ దాన్ని చదివి, రంగు మీదనే క్లాంపు పెట్టేసి, తాను చెప్పినట్టే చేశానని నమ్ముతాడు. కీలకం, కారణం తెలిసినవాడు ఆ పొరపాటు చేయడు.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల పరిశ్రమ కర్మాగారంలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. మరణించినవారిలో చాలామంది ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల నుంచి పొట్టకూటి కోసం వచ్చిన కార్మికులు. ఆ ప్రమాదానికి కారణం తేల్చవలసింది దర్యాప్తు. శిక్షణ ఒక్కటీ ఉంటే అది జరిగేది కాదని అనడం చనిపోయినవారికి, బతికి ఉన్నవారికి కూడా అన్యాయం. యంత్రం నిర్వహణ, యాజమాన్యం బాధ్యత, తనిఖీల లోపం వంటివాటికి శిక్షణ ఎన్నడూ బదులు కాదు. కానీ ఈ పారిశ్రామికవాడలో పని చేసేదెవరు, వాళ్లకు ఏ భాషలో ఎలా నేర్పుతున్నాం అన్న ప్రశ్నను ఇక పక్కన పెట్టలేం. కార్మికుడికి కర్మాగారంలో శిక్షణ పొందే హక్కు ఉందని చెబుతూ 1987 సవరణతో అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో 111ఎ సెక్షన్ చేర్చారు. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకున్నంత మాత్రాన ఆ హక్కు తీరినట్టు కాదు.

ఈ జిల్లాకు ఇది కొత్త కాదు

దూరం నుంచి పాఠం చెప్పడంలో ఈ ప్రాంతానికి దేశంలో చాలాచోట్ల లేని చరిత్ర ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఇస్రో, నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిపింది. ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు పాఠాలు చేరాయి. నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో భానూర్ అప్పట్లో ఉన్న మెదక్ జిల్లా ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. ఈ ప్రయోగంలో నేటికీ పనికొచ్చేది ఉపగ్రహం కంటే ప్రయోగం నడిపిన తీరు. గ్రామాల అవసరాలు ముందే అధ్యయనం చేశారు. కార్యక్రమాలను ప్రసారానికి ముందు ప్రేక్షకులకు చూపి సరిచూశారు. కొన్ని ఊళ్లలో పరిశోధకులు మకాం వేసి ఏం జరుగుతోందో రాసుకున్నారు. దాదాపు యాభై వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చినప్పుడు కేవలం టీవీ చూపించి వదల్లేదు, చేతులతో చేసే పనులను, అచ్చు పుస్తకాలను జత చేశారు. వీడియో ఒక్కటీ చాలదన్న మాట యాభై ఏళ్ల కిందటే మన జిల్లాలో ఆచరణలోకి వచ్చింది.

రెండో ఉదాహరణ ఇంకా దగ్గరిది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్, 2000ల తొలి ఏళ్లలో ‘వాసత్’ అనే ఆన్‌లైన్ విద్యా వేదికను నడిపింది. మెట్ట ప్రాంత రైతులకు కరవును ఎదుర్కొనే విజ్ఞానం అందించడం దాని పని. శాస్త్రవేత్తల పాఠాలు నేరుగా రైతు తెర మీదకు పంపితే సరిపోతుందని వాళ్లు అనుకోలేదు. మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకులలోని మహిళా సమాఖ్యతో కలిసి పనిచేశారు. కంప్యూటర్‌కు, ఊరికి మధ్య ఆ మహిళలు నిలబడి ఊరి ప్రశ్నలను పైకి, జవాబులను కిందికి చేర్చారు. పాఠం ఎంత గొప్పదైనా దాన్ని నేర్చుకునేవారి మాటలోకి మార్చే మనిషి కావాలి. కర్మాగారంలో ఆ మనిషి సీనియర్ ఆపరేటరే.

ఎక్కడ వెతకాలి

ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్లు ముందుగా చూడవలసింది కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ జనరల్ నడిపే ‘భారత్ స్కిల్స్’ వేదిక. అన్ని ట్రేడ్ల సిలబస్‌లు, ప్రశ్నల నిధులు, వీడియోలు అక్కడ ఉచితం. చెన్నైలోని జాతీయ బోధనా మాధ్యమ సంస్థ, అందరూ ‘నిమి’ అనేది, 1986 నుంచి ఐటీఐలకు పుస్తకాలు తయారుచేస్తోంది. ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణకు సీఐటీఎస్ కోర్సు ఉంది. హైదరాబాద్ విద్యానగర్, రామంతాపూర్‌లలోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలు ఈ శిక్షణ ఇస్తాయి. ఆ కోర్సులో ట్రేడ్‌తో పాటు శిక్షణ పద్ధతులు కూడా ఒక సబ్జెక్టు. కోర్సులో చేరే వీలు లేనివారు ఆ సిలబస్ తెచ్చుకుని చదివినా ఏం నేర్చుకోవాలో ఒక పటం చేతికొస్తుంది.

కొంచెం లోతుకు వెళ్లాలనుకునే ట్రైనింగ్ ఆఫీసర్లకు, కాలేజీ లెక్చరర్లకు ఎన్‌పీటెల్, స్వయం వేదికలు ఉన్నాయి. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఐఐటీ బొంబాయికి చెందిన సహనా మూర్తి, శ్రీధర్ అయ్యర్ చెప్పిన ‘లెర్నర్ సెంట్రిక్’ ఆన్‌లైన్ కోర్సుల రూపకల్పన పాఠం మన తరగతులను దృష్టిలో పెట్టుకుని చేసింది. వీడియో మధ్యలో ఆపి విద్యార్థితో ఏం చేయించాలో అందులో నేర్పుతారు, ఆ పాఠాలు కూడా అలాగే నడుస్తాయి. చదువుకునే పుస్తకం కావాలంటే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం అధ్యాపకుల చొరవతో నడిచే ‘ఎడ్‌టెక్ బుక్స్’ లో ఈ రంగపు పాఠ్యపుస్తకాలు పూర్తిగా ఉచితం. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ నడిపే ‘ఓపెన్‌లెర్న్’ చిన్న కోర్సులు ఇస్తుంది. మనలాంటి దేశాల అవసరాలకు దగ్గరగా రాసిన దూరవిద్యా గ్రంథాలు కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్ దగ్గర దొరుకుతాయి. ఎక్కువ చదివే తీరిక లేనివారు డేవిడ్ మెరిల్ 2002లో రాసిన ‘ప్రథమ సూత్రాల’ వ్యాసం ఒక్కటి చదివినా చాలు. నిజమైన సమస్య ముందుంచడం, తెలిసినదాన్ని గుర్తు చేయడం, చేసి చూపడం, చేయించడం, దాన్ని రోజువారీ పనిలో కలపడం అనే అయిదు మాటల్లో ఆయన ఎన్నో సిద్ధాంతాల సారం పెట్టారు.

ఏది నమ్మాలి

దొరికేది ఎక్కువైనకొద్దీ వడపోత ముఖ్యమవుతుంది. ‘చదివితే పది శాతం, వింటే ఇరవై శాతం, చేస్తే తొంభై శాతం గుర్తుంటుంది’ అన్న శంకువు బొమ్మ లెక్కలేనన్ని శిక్షణ స్లైడ్లలో తిరుగుతోంది. ఎడ్గర్ డేల్ 1946లో గీసిన శంకువులో అసలు ఏ శాతాలూ లేవు. అంకెలు తర్వాత ఎవరో అతికించినవి, వాటి వెనక పరిశోధన లేదు. ఒకరు చూసి నేర్చుకుంటారు, ఇంకొకరు విని నేర్చుకుంటారు, కాబట్టి ఎవరి శైలికి తగ్గట్టు వాళ్లకు నేర్పాలన్న వాదానికి సరైన ఆధారాలు లేవని హెరాల్డ్ పాష్లర్, సహ పరిశోధకులు 2008లో సమీక్షించి తేల్చారు. ఈ రెండింటినీ నిజాలుగా బోధించే కోర్సు కనిపిస్తే దాని మిగతా పాఠాలను కూడా అనుమానంతోనే చూడాలి. మంచి వనరును మూడు ప్రశ్నలతో గుర్తుపట్టవచ్చు. నేర్చుకున్నాక ఏం చేయగలమో ముందే చెబుతోందా? ఆధారం చూపుతోందా? మన చేత ఏదైనా చేయిస్తోందా? బోధన గురించి చెబుతూ తానే బోధన సూత్రాలు పాటించని కోర్సును మొదటి గంటలోనే వదిలేయడం మేలు.

ఎదురయ్యే వాదనలు

‘మా ఉస్తాద్ దగ్గర మేం చూసే నేర్చుకున్నాం, ఈ పుస్తకాల చదువు మాకెందుకు’ అన్నది మొదటి అభ్యంతరం. ఇందులో గట్టి నిజముంది. చేతిపని చేతి పక్కనే వస్తుంది, ఏ వీడియో కూడా ఆ సాన్నిధ్యానికి సాటి రాదు. కానీ ఆ పద్ధతికి ఏళ్లు పడతాయి. కాంట్రాక్టు మీద ఆరు నెలలు ఉండే కార్మికుడికి ఆ వ్యవధి లేదు. పైగా చేయి తిరిగినవాడు తన పనిలోని మెట్లు తానే మరచిపోతాడు. అలవాటైన కొద్దీ అవి ఆలోచన దాకా రావు, అడిగినా చెప్పలేడు. పనిని విడదీసి రాయడం ఉస్తాద్ విద్యను తక్కువ చేయదు, అతనితో పాటే రిటైరైపోకుండా కాపాడుతుంది.

రెండోది భాష. మంచి వనరులు చాలావరకు ఇంగ్లిషులో ఉన్నాయన్నది కాదనలేని మాట. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలు ఇస్తున్నా ఈ రంగంలో తెలుగులో దొరికేది చాలా తక్కువ. ఫోన్‌లో యంత్రానువాదం ఇప్పుడు విషయం అర్థం చేసుకునేంత సాయం చేస్తుంది. ఇంగ్లిషు చదవగల ఒక్క ట్రైనింగ్ ఆఫీసర్ నేర్చుకుని, షాపులో తెలుగులో, హిందీలో చెబితే చాలు. అందరూ మూలం చదవనక్కర్లేదు. మూడోది తీరిక. టార్గెట్లు ఉన్నచోట శిక్షణకు టైమెక్కడిది అంటారు. రోజూ షిఫ్టు ముందు జరిగే టూల్‌బాక్స్ టాక్‌కు పది నిమిషాలు ఎలాగూ ఇస్తున్నారు. ఆ పది నిమిషాల్లో ఉపన్యాసం మాని నిన్న చెప్పిన రెండు విషయాలు కార్మికులనే అడిగితే సమయం పెరగదు, ఫలితం పెరుగుతుంది. మళ్లీ చదవడం కంటే గుర్తు తెచ్చుకుని చెప్పడం వల్లే విషయం ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికీ 2006లో ప్రయోగాలతో చూపారు.

నాలుగోది కొత్త ప్రశ్న. కృత్రిమ మేధ అడిగిన క్షణంలో కోర్సు రాసి ఇస్తుంటే ఈ విద్య ఎందుకు? అది రాసేది తనకు తెలిసిన సాధారణ విషయమే. మన రియాక్టర్ గదిలో ఏ వాల్వు బిగుసుకుపోతుందో, ఏ మూల కొత్తవాళ్లు తికమకపడతారో దానికి తెలియదు. అది ఇచ్చిన పాఠం మంచిదా కాదా అని తేల్చడానికి కూడా ఈ విద్యే కావాలి. చివరిది గోప్యత. క్షిపణుల యూనిట్, మందుల కంపెనీ తమ ప్రక్రియలు బయటపెట్టవు, పెట్టనవసరం కూడా లేదు. వెర్నియర్ చూడటం, ఎర్తింగ్ క్లాంపు తగిలించడం, మరమ్మతుకు ముందు కరెంటు తీసి తాళం వేయడం, ఫోర్క్‌లిఫ్ట్‌కు దారి ఇవ్వడం ఏ కంపెనీకీ రహస్యాలు కావు. పోటీ కంపెనీల కార్మికులకు కూడా ఇవే కావాలి.

లోటు మనమే తీర్చాలి

ఇంత వెతికినా దొరకనిది ఒకటుంది. మన షాపుల్లోని పనులను తెలుగులో, హిందీలో మెట్టు, కీలకం, కారణం అని విడదీసి, వాడిచూసి, సరిదిద్దిన నమూనాలు ఎక్కడా ఒకచోట లేవు. వాటిని తయారుచేయగలవాళ్లు ఈ వాడలోనే ఉన్నారు. రాష్ట్రంలోని 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. కొత్త యంత్రాల మీద పెట్టే శ్రద్ధలో కొంత వాటి మీద నేర్పే మనుషుల మీద కూడా పెట్టాలి. కందిలో ఐఐటీ ఉంది, ప్రసారానికి టీశాట్ ఛానళ్లున్నాయి, పెద్ద కర్మాగారాలకు సొంత శిక్షణ విభాగాలున్నాయి. పరిశ్రమల సంఘాలు పూనుకుని, ఎవరైనా వాడుకునేలా ఉచిత లైసెన్సుతో ఈ నమూనాలను పోగుచేయిస్తే, సంగారెడ్డి జిల్లాలో పుట్టిన వనరు విశాఖకు, హోసూరుకు కూడా పనికొస్తుంది.

అంతదాకా ఆగనక్కర్లేదు. సోమవారం డ్యూటీకి వెళ్లే సూపర్‌వైజర్ కొత్తవాళ్లు పదేపదే తప్పు చేసే ఒక్క పనిని ఎంచుకుని, దాన్ని అరపేజీలో మూడు గడులుగా విడదీసి, ఒక కొత్త కార్మికుడికి దాని ప్రకారం నేర్పి చూడవచ్చు. ఎక్కడ ఆగిపోయాడో గుర్తు పెట్టుకుంటే, ఆన్‌లైన్‌లో ఏం వెతకాలో ఆ తడబాటే చెబుతుంది. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959 నుంచి శిక్షణను నాలుగు స్థాయుల్లో కొలవమన్నారు: నచ్చిందా, వచ్చిందా, పనిలో వాడారా, ఫలితం మారిందా. మన రిజిస్టర్లలోని సంతకం ఆ మొదటి ప్రశ్నకు కూడా జవాబు చెప్పదు. సంతకం పక్కన ‘చేసి చూపించాడు’ అని రాసే గడి ఒకటి చేర్చి, దాన్ని నిజాయితీగా నింపడం ఏ కంపెనీకీ ఖర్చు కాని సంస్కరణ. శిక్షణను గౌరవించే పరిశ్రమ అక్కడి నుంచి మొదలుకావాలి.